నూట ఇరవై పక్కన ఒక గుర్తు

మా అన్నయ్య ఓట్మార్ ట్రెబ్స్ ఈ ఫిబ్రవరిలో పోయాడు. మా ఊరి వారపత్రికలో నాలుగు పంక్తులు వేశారు. "హంస మందుల అంగడిలో ముప్ఫై ఏడేళ్ళపాటు మందులు కలిపిన ట్రెబ్స్ గారు అరవై రెండో ఏట కన్నుమూశారు. ఆయన చేతి మీదుగా ఒక్క మందు కూడా తప్పుగా వెళ్ళలేదు." బాగా రాశారని అందరూ అన్నారు. అందులో అబద్ధం ఏమీ లేదు. కాని ఆ నాలుగు పంక్తుల్లో అంగడి ఉంది, మందులున్నాయి, మా అన్నయ్య లేడు.

తన గురించి తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తాను. తేదీలు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు. అంకెలు మాత్రం కావు.

మా నాన్న బడిపంతులు. ఆయన పోయేనాటికి అన్నయ్యకు పదహారు, నాకు ఎనిమిది. అన్నయ్య వైమార్ పట్నం వెళ్ళి మందులు నూరడం నేర్చుకున్నాడు. అమ్మ కూడా పోయాక, హంస అంగడిలో పని దొరికిన ఏడాది నన్ను తన దగ్గరకు తెచ్చుకున్నాడు. అంగడి మీద రెండు గదులు. కింది నుంచి వాము, కర్పూరం వాసన ఎప్పుడూ పైకి వస్తూ ఉండేది. నా దస్తూరి బాగుంటుందని సీసాల మీద చీటీలు రాసే పని నాకిచ్చారు. తర్వాత డాక్టర్లు పంపిన మందుచీటీలను పెద్ద పుస్తకంలోకి నకలు రాసే పని కూడా. నాకు ఒక్క సంబంధం కుదిరింది, ఆ మనిషి టైఫాయిడ్‌తో పోయాడు. అన్నయ్యకు ఎవరూ కుదర్చలేదు, తనూ కుదుర్చుకోలేదు. అలా ఇద్దరమే ఉండిపోయాం.

తూకం వేసేటప్పుడు అన్నయ్య ఊపిరి బిగబట్టేవాడు. ఊపిరి తగిలితే చిన్న త్రాసు పళ్ళెం కదులుతుంది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పైన ఇంట్లో నా గిన్నెలో సూపు పోసేటప్పుడు కూడా బిగబట్టేవాడు. పోసి, గరిటె పక్కన పెట్టి, అప్పుడు గాలి వదిలేవాడు. నేను నవ్వితే, ఎందుకు నవ్వుతున్నానో తనకు తెలిసేది కాదు.

కుర్రతనంలో ఒక చలికాలమంతా అన్నయ్య యేనా విశ్వవిద్యాలయానికి వెళ్ళి పాఠాలు విన్నాడు. మిగతా జీవితమంతా ఆ చలికాలంలోనే ఉండిపోయాడని నాకనిపిస్తుంది. అక్కడ ఒక పంతులుగారు బల్ల మీద మూడు సీసాలు పెట్టారట. ఒకదానిలో సున్నంలో ఉండేది, కాల్షియం. రెండోది స్ట్రాన్షియం. మూడోది బేరియం. "ఈ ముగ్గురూ అన్నదమ్ములు. పెద్దవాడి బరువూ చిన్నవాడి బరువూ కలిపి సగం చేయండి, నడిపివాడి బరువు వస్తుంది" అన్నారట. ప్రతి మూలకానికీ తనదైన ఒక బరువుంటుంది. అన్నిటికన్నా తేలికైన హైడ్రోజన్‌ని ఒకటనుకుని మిగతావాటిని దానితో పోల్చి చెబుతారు. లోకంలో ఉన్న సమస్తమూ ఈ అరవై చిల్లర మూలకాల కలయికే. అవి సంతలో జనంలా ఎవరికి వారు నిలబడి లేరనీ, వాటికీ ఇళ్ళున్నాయనీ ఆ రోజు అన్నయ్యకు తెలిసింది. పంతులుగారు మూడు నాలుగు ఇళ్ళు మాత్రమే చూపించారు. మిగతావాళ్ళ ఇళ్ళు వెతకాలనుకున్నాడు అన్నయ్య.

అంగడి ముందు గదిలో సీసాలు అక్షర క్రమంలో ఉండాలి, అది చట్టం. వెనక గదిలో ఒక అర మాత్రం యజమాని వైడ్లింగ్ గారు అన్నయ్యకు వదిలేశారు. అక్కడ సీసాలు ముగ్గురు ముగ్గురుగా ఉండేవి. లిథియం ఏడు, సోడియం ఇరవై మూడు, పొటాషియం ముప్ఫై తొమ్మిది. ఏడూ ముప్ఫై తొమ్మిదీ నలభై ఆరు, అందులో సగం ఇరవై మూడు. మా పుస్తకాల లెక్కలో గంధకం పదహారు, సెలీనియం నలభై, టెలూరియం అరవై నాలుగు. ఇక్కడా అంతే. దొరకనివాటికి, కొనలేనివాటికి ఖాళీ సీసా పెట్టి పేరు రాయించేవాడు. ఆ చీటీలన్నీ నా దస్తూరీయే.

మా ఊళ్ళో ఈ సంగతి పట్టించుకున్నది డాక్టర్ హాబర్‌కోర్న్ ఒక్కడే, అదీ ఎగతాళికి.

"ఏమయ్యా ట్రెబ్స్, నీ పెళ్ళి సంగతి చూసుకోలేదు గాని సీసాలకు సంసారాలు కడుతున్నావట?"

"అవి ముందే కట్టుకున్నాయండీ. నేను చూస్తున్నానంతే."

"మరి పిల్లలెప్పుడు?"

అన్నయ్య చెవులు ఎర్రబడేవి. ఆ మాటకు జవాబు ఆలోచిస్తూ సాయంత్రం దాకా ఉండేవాడు.

అన్ని ఇళ్ళలోకీ ఒక ఇల్లు అన్నయ్యను వేధించేది. భాస్వరం, ఎలుకల మందులో ఉండే ఆర్సెనిక్, ఆంటిమొనీ. గుణాల్లో ముగ్గురూ ఒక్క తల్లి బిడ్డలే. భాస్వరం ముప్ఫై ఒకటి, ఆర్సెనిక్ డెబ్బై ఐదు. ఆంటిమొనీ బరువు స్వీడన్‌లోని మహానుభావుడు ఎప్పుడో తూచి నూట ఇరవై తొమ్మిదని చెప్పాడు, పుస్తకాలన్నిటిలోనూ అదే ఉంది. ముప్ఫై ఒకటీ నూట ఇరవై తొమ్మిదీ కలిపితే నూట అరవై. సగం ఎనభై. నడిపివాడు డెబ్బై ఐదు దగ్గరున్నాడు. ఐదు తేడా. మందులు కలిపే మనిషికి ఐదు తేడా అంటే మాటలు కాదు. ఆంటిమొనీ సీసాను అన్నయ్య ఆ ఇద్దరి పక్కన పెట్టలేక, అర చివర విడిగా పెట్టాడు. ఇరవై ఏళ్ళు అది అక్కడే ఉంది. దుమ్ము తుడిచేటప్పుడు నేను మర్చిపోయి జరిపితే, మళ్ళీ దూరంగా పెట్టేవాడు.

"పాపం, ఇంట్లోకి రానివ్వచ్చుగా అన్నయ్యా" అన్నాను ఒకసారి.

"నేను రానివ్వకపోవడమేంటి? పుస్తకం రానివ్వడం లేదు."

ఇక్కడ మా అంగడి పద్ధతి ఒకటి చెప్పాలి. డాక్టరు చీటీలో రాసిన మోతాదు మందుల పుస్తకంలోని హద్దు దాటితే, తెలిసే రాశానని చెప్పడానికి ఆయన ఆ అంకె పక్కన ఆశ్చర్యార్థక గుర్తు పెట్టాలి. గుర్తుంటే మారు మాట్లాడకుండా ఆ మందు ఇస్తాం. లేకపోతే చేయి జారిందనుకుని పుస్తకంలో ఉన్న అంకె వేస్తాం, చీటీ డాక్టరుకు తిప్పి పంపుతాం. నేను తెలిసే రాశాను, గుర్తు పెట్టకపోవడం నా తప్పు అనుకుంటే ఆయన అప్పుడు గుర్తు పెట్టి, పక్కన పొడి అక్షరాలూ తేదీ వేసి, ఒక గీత గీస్తాడు. ఆ గీత కింద నకలు రాసిన మనిషి తన పొడి అక్షరాలు వేయాలి. దాంతో సరి. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు, డాక్టరూ ఎత్తకూడదు, మేమూ ఎత్తకూడదు. హాబర్‌కోర్న్ గుర్తులు కాయితానికి చిల్లులు పడేలా ఉండేవి. "ఇదిగో మల్వీనా, ఈ గుర్తు చూస్తేనే రోగి లేచి నడుస్తాడు" అనేవాడు నాతో. ఇరవై ఏళ్ళు చీటీలు రాసిన నా చేతికి ఈ పద్ధతి ఊపిరిలా అలవాటైపోయింది. గుర్తుంటే మనిషి మాట, లేకపోతే పుస్తకం మాట.

పద్దెనిమిది వందల యాభై రెండో సంవత్సరం, ఈస్టర్ తర్వాత అన్నయ్య ఆంటిమొనీని తనే తూచాలని మొదలుపెట్టాడు. ష్లైజ్ గనుల నుంచి అంజనరాయి తెప్పించాడు. నల్లగా మెరిసే సూదుల్లా ఉంటుంది. ఆంటిమొనీ, గంధకం కలిసిన రాయి అది. గాజు గొట్టంలో పెట్టి కాలుస్తూ పైనుంచి హైడ్రోజన్ పంపితే గంధకం గాలిలో కలిసి పోతుంది, లోహం మిగులుతుంది. పోయినదెంతో మిగిలినదెంతో తూస్తే బరువు తేలుతుంది. పోయే గంధకం ఊరికే పోదు, కుళ్ళిన గుడ్ల కంపు కొడుతూ పోతుంది. అంగడికి సెలవు ఆదివారం మధ్యాహ్నమే, పక్కింటి రొట్టెలవాళ్ళు కాఫీ తాగే సమయమూ అదే.

సోమవారం పొద్దున్నే రొట్టెలావిడ లోబె గారు వచ్చి బల్ల ముందు నిలబడింది.

"ఏమండీ ట్రెబ్స్ గారూ, నిన్న మీ వెనక గదిలో ఎవరైనా చచ్చారా? మా ఆయన పళ్ళరొట్టె నోట్లో పెట్టుకుని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. నా చేతి వంట మీద అనుమానపడ్డాడు!"

"క్షమించాలండీ. ఒకాయన్ని ఇంటికి తీసుకొద్దామని చూస్తున్నాను."

"తీసుకురండి, వద్దన్నదెవరు? ముందు స్నానం చేయించి తీసుకురండి."

అలా పద్నాలుగు ఆదివారాలు. అన్నయ్య లెక్కలు రాసుకున్న చిన్న పుస్తకం నేను చూసింది ఈ మధ్యనే. మొదటి ఆదివారం నూట ఇరవైన్నర. కింద "త్రాసు చూడాలి" అని ఉంది. రెండో ఆదివారం నూట ఇరవై. "పళ్ళేలు మార్చి తూచాను. అంతే." మూడోసారి రాయి మార్చాడు. నాలుగోసారి గొట్టం మార్చాడు. తొమ్మిదో ఆదివారం కింద "నా కళ్ళేమో" అని రాసి కొట్టేశాడు. పన్నెండో ఆదివారానికి అనుమానించడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదు, స్వీడన్ మహానుభావుడి అంకె తప్ప. దాన్ని అనుమానించడానికి ఇంకో రెండు ఆదివారాలు పట్టింది.

జులైలో ఆ ఆఖరి ఆదివారం, ముఖాన మసితో పైకి వచ్చాడు. నేను బంగాళాదుంప ఉండలు ఉడకబెడుతున్నాను.

"మల్వీనా, వాడు ఇంటికొచ్చాడు."

"ఎవరు?"

"ఆంటిమొనీ."

"అయితే భోజనానికి ఉంటాడా? ఉండలు నాలుగే చేశాను."

అన్నయ్య నవ్వాడు. గట్టిగానే నవ్వాడు. నా మాట బాగా పేలిందని నాకు సంతోషమేసింది, ఉండలు వడ్డించాను. ఎంత వచ్చిందని అడగలేదు. పద్నాలుగు ఆదివారాల్లో ఒక్కసారైనా "ఎంత వచ్చింది?" అని అడగలేదు. ఆ రెండు మాటలు నా నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టేది?

తర్వాత అన్నయ్య తన ఇళ్ళన్నీ ఒక పెద్ద కాయితం మీదికి ఎక్కించాడు. ముగ్గురు ముగ్గురుగా పదకొండు ఇళ్ళు, కింద మూడు పేజీల వివరణ. మందుల అంగళ్ళవాళ్ళ సంఘం ప్రతి అక్టోబరులో ఎర్ఫర్ట్‌లో కూడుతుంది. అక్కడ చదవడానికి పంపుతానన్నాడు. ఆంటిమొనీని తానే తూచానని అందులో రాయలేదు. నూట ఇరవై అని ఊరికే అంకె వేశాడు. ఒక సంగతి వదిలేశానని మాత్రం నాతో అన్నాడు.

"అదేంటి, అన్నీ రాయవా?" అన్నాను, ఏది రాయలేదో నాకు తెలియకపోయినా.

"రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. అడుగుతారుగా. అడిగినప్పుడు చెబుతాను."

ఇన్నేళ్ళలో ఆ సీసాల గురించి తనను నిజంగా ఎవరూ ఏమీ అడగలేదు. నూట ముప్ఫై మంది మందులవాళ్ళు కూర్చున్న గదిలో, పుస్తకంలో లేని ఆ అంకె విని కనీసం ఒకడైనా తలెత్తి "ఎందుకు?" అంటాడు. అన్నయ్యకు కావలసింది ఆ ఒక్కడే. పేరు కాదు, పతకం కాదు.

సెప్టెంబరులో ఊళ్ళో పిల్లలకు ఎర్ర జ్వరం వచ్చింది. అంగడి గంట మోగుతూనే ఉంది. అన్నయ్యకు తినడానికి తీరిక లేదు. పైన కిటికీ దగ్గర నా నకలు బల్ల ఉండేది. తను రాసినవి దాని సొరుగులో పెట్టేవాడు, నేను తీసి శుభ్రంగా తిరగరాసేదాన్ని. ఈ కాయితాలూ అలాగే పెట్టాడు. మధ్యాహ్నం తపాలా బండికి ఇవ్వాలి.

రాస్తూ రాస్తూ ఆ ఇంటి దగ్గరికి వచ్చాను. ఆంటిమొనీ, నూట ఇరవై. పుస్తకం పక్కనే ఉంది. తీసి చూశాను. నూట ఇరవై తొమ్మిది. అన్నయ్య కాయితం మళ్ళీ చూశాను. అంకె పక్కన గుర్తు లేదు. నిద్ర లేని మనిషి, చేయి జారింది అనుకున్నాను. ఆంటిమొనీ ఇంటికొచ్చాడన్న మాట అప్పుడు గుర్తు రాలేదు. స్వీడన్ ఆయన అంకెనే తప్పు రాసి పంపితే అక్కడ నవ్వరా? నేను చూశాను కాబట్టి సరిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా అనిపించింది. పట్టికలో ఒకచోట, వివరణలో ఒకచోట, రెండుచోట్లా నూట ఇరవై తొమ్మిది వేశాను. దాని పక్కనే "ఇక్కడ కూడా నడిపివాడు సరిగ్గా సగం దగ్గరే ఉన్నాడు" అన్న వాక్యం ఉంది. దాన్ని కూడా అందమైన అక్షరాలతో రాశాను. కలిపి సగం చేసి చూడలేదు. నకలు రాసేవాళ్ళు కూడికలు వేయరు.

కిందికి తీసుకెళ్ళాను. బల్ల ముందు ఆరుగురున్నారు.

"అన్నయ్యా, సంతకం పెట్టు. బండి వెళ్ళిపోతుంది. ఒకసారి చూసుకుంటావా?"

"నువ్వు రాశాక నేను చూసేదేముంది?"

సంతకం పెట్టాడు.

అక్టోబరు ఏడున ఎర్ఫర్ట్ వెళ్ళాడు. నల్లకోటు నేనే దులిపి ఇచ్చాను. లోపలి జేబులో చిన్న పుస్తకమేదో పెట్టుకుని, పైనుంచి రెండుసార్లు తడుముకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం నడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"ఎలా జరిగింది?"

"బాగానే జరిగింది. చదివారు."

సూపు పెట్టాను. ఆ రోజు తనే పోసుకున్నాడు. ఊపిరి బిగబట్టలేదు. నేను గమనించాను గాని ప్రయాణపు అలసట అనుకున్నాను.

తొమ్మిదో తారీకు పొద్దున హాబర్‌కోర్న్ వచ్చాడు. ఆయన బావమరిదికి ఎర్ఫర్ట్‌లో మందుల అంగడి ఉంది, అతనితో సంఘం సమావేశానికి ఈయనా వెళ్ళాడు. అన్నయ్య వెనక గదిలో ఉన్నాడు. నేను చీటీలు రాస్తున్నాను.

"ఏమమ్మా మల్వీనా, మీ అన్నయ్య ఏం చెప్పాడు?"

"చదివారన్నాడు."

"చదివారు, చదవడానికేం! అధ్యక్షుడు ఒక్కొక్క ఇల్లూ చదువుతుంటే అందరూ చెవులు రిక్కించి విన్నారు తెలుసా? ఎగతాళి చేసినవాణ్ణి నాకే సిగ్గేసింది. అంతా అయిపోవచ్చింది. ఆఖరి ఇంటికొచ్చి ఆయన ఆగాడు. మళ్ళీ చదివాడు. 'భాస్వరం ముప్ఫై ఒకటి, ఆంటిమొనీ నూట ఇరవై తొమ్మిది, సరిగ్గా సగం డెబ్బై ఐదు' అని. 'ట్రెబ్స్ గారూ, మీ ఊళ్ళో నూట అరవైలో సగం డెబ్బై ఐదా? అయితే మీ దగ్గర సగం మోతాదు అడిగినవాణ్ణి దేవుడే కాపాడాలి' అన్నాడు. ఇక నవ్వులు! మా బావమరిది బల్ల గుద్ది నవ్వాడు."

కలం సిరా బుడ్డి పక్కన పెట్టాను.

"అన్నయ్య ఏమన్నాడు?"

"లేచి వెళ్ళి ఆ కాయితం చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత 'పొరపాటు నాదే' అని వచ్చి కూర్చున్నాడు. ఏం మనిషమ్మా! నేనైతే ఏదో ఒకటి కూసేవాణ్ణి."

"జేబులోంచి ఏమైనా తీశాడా?"

"జేబులో చెయ్యి పెట్టాడు. తియ్యలేదు. రుమాలనుకున్నాను. ఎందుకూ?"

పైకి వెళ్ళాను. సొరుగు తీశాను. అన్నయ్య రాసిన కాయితం అందులోనే ఉంది. నూట ఇరవై. ఎక్కడా తడబాటు లేదు, సున్న గుండ్రంగా, నింపాదిగా ఉంది. అప్పుడు కూడిక వేశాను. ముప్ఫై ఒకటీ నూట ఇరవై, నూట యాభై ఒకటి. సగం డెబ్బై ఐదున్నర. కాయితం పెట్టేసి సొరుగు మూశాను.

నకలు రాసినవాళ్ళు తప్పు రాశారని తను అక్కడ అనలేదు. అంటే చూడకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవాలి. చూడకుండా సంతకం పెట్టే మనిషి చేతి మందు ఎవరు తాగుతారు? అదొక్కటే కారణమని అనుకుందామని చాలా ఏళ్ళు ప్రయత్నించాను. కాని ఆ కాయితం మీద తను చూసింది నా దస్తూరి.

చెప్పేద్దామని కిందికి దిగాను. వెనక గదిలో అన్నయ్య అర ముందు నిలబడి సీసాలు మారుస్తున్నాడు. ఆంటిమొనీ, ఆర్సెనిక్. అక్షర క్రమం.

"అన్నయ్యా, ఏం చేస్తున్నావు?"

"ఇదే తేలిక, మల్వీనా. ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు."

"అన్నయ్యా, నేను…"

"బేరియం ఇటివ్వు. జాగ్రత్త, మూత వదులుగా ఉంది."

ఇచ్చాను. ఇద్దరం కలిసి సర్దాం. సాయంత్రానికి అయిపోయింది. చెప్పలేదు.

ఆ తర్వాత అన్నయ్య ఏమీ రాయలేదు. సంఘానికి వెళ్ళలేదు. రాసేవాడు లేనప్పుడు నకలు బల్లతో పనేముంది? డాక్టర్ల చీటీల నకలు కింద అంగడి బల్ల మీదే రాయడం మొదలుపెట్టాను. దాని మీద నేను జెరేనియం పూల కుండీలు పెట్టాను. ఆ సొరుగు వైపు చూడటం నాకిష్టం లేక పెట్టానని ఇప్పుడు తెలుస్తోంది. కుండీల నీళ్ళు కారి చెక్క ఉబ్బి, సొరుగు బిగుసుకుపోయింది. రోజుకు మూడుసార్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్ళం. వాతావరణం గురించి, లోబె గారి కోడలి గురించి, దగ్గుమందులో తేనె ఎంతుండాలన్న దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఇంట్లో ఇద్దరున్నారు గాని ఎవరికి వారు వేరే అర మీద ఉన్నట్టుండేది. సూపు పోసేటప్పుడు మాత్రం కొన్నాళ్ళకు మళ్ళీ ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టాడు.

యాభై ఆరులో ఒక పత్రిక వచ్చింది. అన్నయ్య బల్ల దగ్గర నిలబడే చదివి, మడిచి నా చేతికిచ్చాడు. బెర్లిన్‌లో ఒకాయన అంజనరాయిని కాల్చి, హైడ్రోజన్ పంపి, ఆంటిమొనీని మళ్ళీ తూచాడు. స్వీడన్ అంకె తప్పు. నూట ఇరవై, ఇంకో కొసరు.

"చదివావా?"

"చదివాను."

"ఆయన దగ్గర మంచి త్రాసు ఉండి ఉంటుంది" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"అన్నయ్యా, ఆ ఏడాది నీ కాయితం నేను…"

"ఉండు, గంట మోగింది" అని ముందు గదిలోకి వెళ్ళాడు.

గంట మోగలేదు. తలుపు సందులోంచి చూశాను. అంగడిలో ఎవరూ లేరు. అన్నయ్య బల్ల వెనక, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, వీధి వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. నన్ను చెప్పనివ్వడం లేదనుకున్నాను. క్షమించలేదు కాబట్టే చెప్పనివ్వడం లేదనుకున్నాను. పదేళ్ళు అలాగే అనుకున్నాను.

పోయిన చలికాలం దగ్గు పట్టుకుంది. జనవరి చివరికి మెట్లు దిగలేకపోయాడు. ఆఖరి రోజుల్లో ఊపిరి తీసుకుని చాలాసేపు వదిలేవాడు కాదు. ఏదో తూస్తున్నట్టుండేది. నేను కూడా తెలియకుండానే బిగబట్టి కూర్చునేదాన్ని, వదిలాక వదిలేదాన్ని. ఒక మధ్యాహ్నం వదలలేదు.

సాగనంపడానికి తొమ్మిది మంది వచ్చారు. హాబర్‌కోర్న్ ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకుని వచ్చాడు. లోబె గారు పళ్ళరొట్టె పంపింది. ఒక్కదాన్నే ఎంత తినగలను? నాలుగోనాటికి ఎండిపోయింది.

మార్చిలో గదులు ఖాళీ చేయమన్నారు, కొత్త మనిషి వస్తాడట. కుండీలు తీశాను. బల్ల కొనుక్కుంటానన్న వడ్రంగి సొరుగు లాగి చూశాడు, రాలేదు. "లోపలేమైనా ఉందామ్మా?" అన్నాడు. "పాత కాయితాలు" అన్నాను. ఉలి పెట్టి లాగి తెరిచి, చెక్క పొడి ఊది, వెళ్ళిపోయాడు.

అన్నయ్య రాసిన కాయితం పైనే ఉంది. దాని కింద నేను అక్కడ పెట్టనిది ఒకటుంది, చిన్న పుస్తకం. పద్నాలుగు ఆదివారాలు. కాయితం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. నూట ఇరవై పక్కన ఒక ఆశ్చర్యార్థక గుర్తు ఉంది. సిరా వేరు, అంగడి ముందు బల్ల మీద ఉండే గోధుమరంగు సిరా. హాబర్‌కోర్న్ గుర్తులా చిల్లు పడలేదు. సన్నగా, నిటారుగా ఉంది. పక్కన పొడి అక్షరాలు, ఓ. ట్రె. దాని పక్కన తేదీ, అక్టోబరు పది, యాభై రెండు. నేను సొరుగు మూసిన మర్నాడు.

కింద ఒక గీత. గీత కింద ఖాళీ.

నేను చూస్తాననుకున్నాడు. రోజూ తెరిచే సొరుగే కదా, రేపో మాపో తెరుస్తుంది, చూస్తుంది, తన అక్షరాలు వేస్తుంది, అయిపోతుంది అనుకున్నాడు. నేను దాని మీద జెరేనియం పెట్టాను. అయిపోయిన మాటను మళ్ళీ ఎత్తకూడదు కాబట్టి తను ఎత్తలేదు. నన్నూ ఎత్తనివ్వలేదు. దాదాపు పద్నాలుగేళ్ళు ఆ ఖాళీ అలాగే ఉంది.

సిరా బుడ్డి ఇంకా సర్దలేదు. కలం తీశాను. ఊపిరి బిగబట్టి, గీత కింద నా అక్షరాలు వేశాను. మ. ట్రె. ఆరేదాకా కదలకుండా కూర్చున్నాను. తర్వాత గాలి వదిలాను.